మంచు నూనె

మే నెల రెండో వారం. మధ్యాహ్నం రెండూ పదికి పాలకాయతిప్ప చేరాం. ఐదుగురం మనుషులం. ఒక జీపు, ఒక ట్రెయిలర్, రెండు వైర్‌లెస్ సెట్లు, ఒక టెంటు, పన్నెండు జెర్రీకాన్ల మంచినీళ్లు. ఒకవైపు కృష్ణ, ఒకవైపు సముద్రం, మిగిలిందంతా ఇసుక. టెంటు వేసుకుంటేగానీ నీడ లేదు. సుబేదార్ సాబ్ టెంటు కొయ్యకు థర్మామీటరు తగిలించాడు. నలభై రెండు చూపించింది. "రాసుకో" అన్నాడు ఆపరేటర్‌తో. మా లాగ్ బుక్కులో మొదటి మాట అదే.

తొంభైల మొదట్లో సంగతి ఇది. తుఫాన్ల కాలం రాకముందే తీరం నుంచి బందరుకి వైర్‌లెస్ ఏ వేళల్లో ఎంత స్పష్టంగా అందుతుందో పరీక్షించడం మా పని. ఆరు వారాల డ్యూటీ. బందరులో మాలాంటి జట్టే ఇంకొకటి ఉంది. వాళ్లు ఆల్ఫా, మేము బ్రావో. ఉదయం ఐదింటికి, తొమ్మిదింటికి, సాయంత్రం నాలుగింటికి మాట్లాడుకోవాలి. ప్రతిసారీ చోటు మార్చాలి. అంటే సెట్టుని బండిలో వేసుకుని తీరం వెంట తిరగాలి. ఆ తిప్పే పని నాది. నేను నాయక్‌ని, డ్రైవర్ మెకానిక్‌ని. మాది గుడివాడ దగ్గర నందివాడ.

మాజీ సైనికుడు కనబడితే మనవాళ్లు యుద్ధం గురించి అడుగుతారు. నేను రెండున్నరేళ్లు మంచుకొండల్లో పనిచేశాను. ఆ కబుర్లు అడిగినవాళ్లకి చెప్తాను. పాలకాయతిప్ప గురించి మాత్రం ఎవరూ అడగలేదు. సొంత జిల్లాలో, ఇంటికి అంత దగ్గర్లో, ఎండాకాలం నెలన్నర ఇసుకలో కూర్చుంటే ఏమవుతుందిలే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వచ్చాను. సెలవు దొరికినట్టే సంబరపడ్డాను.

సుబేదార్ సాబ్ కొండప్రాంతం మనిషి. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఎండకి తట్టుకోలేక తడి తువ్వాలు తలమీద వేసుకుని తిరిగేవాడు. ఆపరేటర్‌ది ఒరిస్సా, నర్సింగ్ అసిస్టెంట్‌ది కేరళ. వంటవాడు బీహారీ, చేపల వాసనకి ముక్కు మూసుకునేవాడు. తెలుగు తెలిసింది నాకొక్కడికే. అందుకని నేను ఏం చెబితే అదే వాళ్లకి ఆ ఊరి సంగతి. ఆ పెత్తనం నాకు నచ్చింది.

టెంటుకి రెండు వందల గజాల్లో పది పన్నెండు పాకలున్నాయి. అందులో ఒకటి ఏడుకొండలుది. యాభై ఏళ్లుంటాయి. వేట నుంచి వచ్చి, వల ఆరేసి, నేరుగా మా సెట్టు దగ్గరికొచ్చి కూర్చునేవాడు. నాది నందివాడ అని తెలిసిన రోజే నన్ను అల్లుణ్ణి చేసుకున్నాడు. ఆయనకి ఆడపిల్లలే లేరు. "పిల్లనివ్వలేనుగానీ చేపలిస్తాలే అల్లుడూ" అన్నాడు. ఆయన భార్య వెంకాయమ్మ తెల్లారగట్ల మొదటి బస్సుకి బుట్టతో కోడూరు వెళ్లి, చేపలమ్ముకుని, పదింటికల్లా ఎవరి సైకిలో పట్టుకుని తిరిగొచ్చేది. మాకని ఒక కూరకి సరిపడా పక్కన పెట్టేది.

ఒకరోజు ఏడుకొండలు ఆపరేటర్ పక్కన గొంతుక్కూర్చుని నాతో అన్నాడు.

"అల్లుడూ, మీ అత్త కోడూరులో ఉంది. ఇంట్లో చింతపండు అయిపోయింది. ఆ డబ్బాలోంచి కాస్త చెప్పించవయ్యా."

నేను హిందీలో చెప్పాను. ఆపరేటర్ హెడ్‌ఫోన్లు తీసేసి మరీ నవ్వాడు. సుబేదార్ సాబ్ కూడా నవ్వాడు. ఆ డ్యూటీ మొత్తంలో ఆయన నవ్వగా నేను చూసింది రెండు మూడుసార్లే.

నాలుగో రోజు జీపు పోయింది. పాయ దాటుతుంటే ఉప్పునీళ్లు గేర్‌బాక్సులోకి వెళ్లాయి. బందరు వాళ్ల దగ్గర ఒకటే ట్రక్కు. విడి భాగాలు రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. సుబేదార్ సాబ్ సెట్టులో పైవాళ్లతో మాట్లాడి, అద్దె బండి తీసుకోవడానికి అనుమతి తెచ్చాడు. "నడిపేది మాత్రం నువ్వే, రావ్" అన్నాడు. బండి నేను తెస్తానన్నాను. మర్నాడు బస్సెక్కి గుడివాడ వెళ్లాను.

గుడివాడలో రాఘవయ్య అని పెళ్లిళ్లకి కారు తిప్పే ఆయన ఉండేవాడు. చుట్టం కాదు. చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లం. తెల్ల అంబాసిడర్, పెట్రోలు ఇంజను, పద్దెనిమిదేళ్ల బండి. సీట్ల మీద తువ్వాళ్లు పరిచి, ముందు నిమ్మకాయ కట్టి, బిడ్డలా చూసుకునేవాడు. తాళాలు ఇవ్వడానికి ముందు బానెట్ ఎత్తాడు. నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, చివర ఉన్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వేళ్లు మెల్లగా విడదీసి చూపించాడు. నూనె తీగలా సాగింది.

"ఒక్కటే మాట బావా. ఇందులో నలభై నంబరు పోశాను. తగ్గితే అదే కలుపు. పల్చటిది మాత్రం పొయ్యమాకు."

"ఎందుకని?"

"ఎండాకాలమని కాలవలు కట్టేశారుగా. మా స్టాండులో బళ్లన్నిటికీ ఇంతే. కాలవలు కట్టేసిన వారంలో నలభై పోస్తాం. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలాక ముప్ఫైకి వస్తాం. మా నాన్న కారు కొన్న కాడ్నించీ ఇదే పద్ధతి."

"కాలవకీ ఇంజనుకీ ఏం సంబంధం? నీ బండి కాలవ నీళ్లు తాగుద్దా?"

ఆయన నవ్వలేదు. "కాలవ ఎండాక గాలే వేరేగా ఉంటది బావా. ముసలి ఇంజను, లోపల సందులు పెరిగాయి. పైగా పెళ్లివాళ్లని ఎనిమిదిమందిని ఎక్కించి పగలంతా తిప్పుతాం. పల్చటి నూనె పోసినోళ్ల బళ్లు నడిరోడ్డు మీద ఆగిపోడం నా కళ్లతో చూశా. అంతే నాకు తెలిసింది. నువ్వు మిలటరీవాడివి, నీకు తెలియందా."

నాకు లోపల నవ్వొచ్చింది. నేను ఎనిమిది నెలలు కోర్సు చేసినవాణ్ణి. ఇంజను విప్పి కళ్లు మూసుకుని బిగించగలను. కాలవలు కట్టారా వదిలారా చూసి నూనె మార్చే మనిషి నాకు పాఠం చెప్పడమేమిటి అనుకున్నాను. సరేలే అని తలూపి తాళాలు తీసుకున్నాను.

కార్లతో పని లేనివాళ్ల కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇంజనులో ఇనుము మీద ఇనుము తిరుగుతుంది. రెంటి మధ్యా నూనె పొర ఉండాలి. అది ఉన్నంతసేపూ ఇనుముకి ఇనుము తగలదు. నంబరు పెరిగేకొద్దీ నూనె చిక్కన. ఇంట్లో నెయ్యి చూస్తారుగా, చలికాలం చెంచా దిగదు, ఎండాకాలం నీళ్లలా ఒలుకుతుంది. ఇంజను నూనెదీ అదే గుణం. కొత్త ఇంజనులో సందులు సన్నగా ఉంటాయి కాబట్టి కొంచెం పల్చటిదైనా నిలబడుతుంది. అరిగిన ఇంజనులో నిలబడదు, జారిపోతుంది. ఇదంతా నాకు అప్పుడు తెలియక కాదు. కోర్సులో మొదటి వారం చెప్పే పాఠమే ఇది.

మరి ఎందుకు చేశానంటే, మంచు వల్ల.

మంచుకొండల్లో మా పోస్టు దగ్గర చలి సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద. ముప్ఫై నంబరు నూనె డబ్బా బోర్లిస్తే బొట్టు రాలేది కాదు. ఇంజను కింద కిరసనాయిలు స్టవ్ పెట్టి గంటసేపు వేడిచేస్తేగానీ తిరిగేది కాదు. ఒక ఉదయం అలా గంట ఆలస్యమై అంబులెన్సులోనే ఒక జవాను చనిపోయాడు. నేనే డ్రైవర్ని. ఆ తర్వాత పల్చటి నూనె వచ్చింది. పది నంబరు. ఎర్ర డబ్బా. అది పోశాక మా బళ్లు ఒక్క ఉదయం కూడా మొరాయించలేదు. ఆ చలికాలం ముగ్గుర్ని కిందికి దింపాను. ముగ్గురూ బతికారు. బదిలీ అయి వచ్చేటప్పుడు మా స్టోర్ ఇన్‌చార్జి రెండు డబ్బాలు నా చేతిలో పెట్టాడు, గుర్తుగా ఉంచుకోమని. వాటిని నా పెట్టెలో బట్టల కింద పెట్టుకుని దేశమంతా దాటి తెచ్చుకున్నాను. దేవుడి పటం కన్నా జాగ్రత్తగా తెచ్చాను.

అంబాసిడర్ మొదట్లో బాగానే నడిచింది. ఒకటే బాధ, తెల్లవారుజామున స్టార్టు అయ్యేది కాదు. బ్యాటరీ ముసలిది, నూనె చిక్కనిది. సెల్ఫ్ కొడితే మూలిగి ఊరుకునేది. వంటవాడూ నర్సింగ్ అసిస్టెంటూ ఇసుకలో తోసేవాళ్లు. తొమ్మిదో రోజు ఐదింటి పరీక్ష పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. సుబేదార్ సాబ్ లాగ్ బుక్కులో ఎర్ర సిరాతో రాశాడు.

"రావ్, రేపు కూడా ఇలాగే అయితే నీ పేరు కూడా రాస్తాను."

"రేపు అవదు, సాబ్."

బ్యాటరీ మార్చమని బందరుకి చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు. ఆ సాయంత్రం కారు కింద గుంట తవ్వి, పడుకుని, ఇంజను అడుగున సంపు బిళ్ల విప్పి, రాఘవయ్య పోసిన నూనెంతా ఇసుకలోకి దింపేశాను. పెట్టెలోంచి ఎర్ర డబ్బాలు తీశాను. నాలుగు లీటర్లు పట్టింది. ఏడుకొండలు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"నీళ్లలాగుందేంది అల్లుడూ?"

"ఇది మామూలు నూనె కాదు మావయ్యా. మంచులో కూడా గడ్డకట్టదు."

"మనకాడ మంచెక్కడుంది?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మర్నాడు నాలుగున్నరకి తాళం తిప్పీ తిప్పగానే ఇంజను లేచింది. సుబేదార్ సాబ్ టెంటులోంచే "శాబాష్" అని అరిచాడు. ఆ వారం ఒక్క పరీక్ష ఆలస్యం కాలేదు. కొన్ని గుర్తులు నాకు కనబడ్డాయి. ఇంజను తలలో టకటక చప్పుడు కొంచెం పెరిగింది. మధ్యాహ్నాలు కారు నిలబడి ఉండగా నూనె ఒత్తిడి చెప్పే ఎర్ర దీపం మినుకు మినుకుమనేది. మంచులో ఆ దీపం ప్రతి ఉదయం నిమిషంసేపు వెలిగేది, పట్టించుకోవద్దని మాకు చెప్పారు. నేను అలవాటుగా పట్టించుకోలేదు. కారు కింద నూనె మచ్చ కోసం కూడా చూశాను. కనబడలేదు. ఇసుక తాగేసింది. పుల్ల తీసి చూస్తే కొంచెం తగ్గింది. డబ్బాలో మిగిలింది లేదు. రెండు రోజుల్లో బందరు వెళ్లినప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

పదహారో రోజు. పడమటి గాలి. సముద్రపు గాలి తిరగలేదు. పదిన్నరకే నీడలో నలభై మూడు. ఉదయం నుంచి కారు తీరం వెంట తిరుగుతూనే ఉంది. పది నలభైకి క్యాంపుకి తెచ్చి ఆపాను. పది యాభైకి ఇద్దరు మనుషులు ఏడుకొండలుని భుజాల మీద మోసుకొచ్చారు. వెనక వెంకాయమ్మ.

తెల్లారి ఏడింటప్పుడు వల దులుపుతుంటే సముద్రపు పాము మణికట్టు మీద పట్టిందట. నొప్పి లేదు, రక్తం లేదు. దాన్ని విదిలించి నీళ్లలో పారేసి మళ్లీ వేటాడుకున్నాడు. ఒడ్డుకి వచ్చేసరికి ఒళ్లంతా బిగదీసింది. టెంటుకి తెచ్చేటప్పటికి కళ్లు సగం మూతపడుతున్నాయి. నోరు తెరవలేకపోతున్నాడు.

నర్సింగ్ అసిస్టెంట్ ఆయన దవడ పట్టుకుని చూశాడు. కనురెప్పలు ఎత్తి చూశాడు.

"ఎంతసేపు?" అన్నాడు సుబేదార్ సాబ్.

"విషం ఊపిరి కండరాలకి వస్తోంది. గంట, గంటన్నర. గొంతులో గొట్టం వేసే డాక్టరు కావాలి. అవనిగడ్డ. ఇప్పుడే."

"రావ్?"

"నలభై ఐదు నిమిషాల్లో చేరుస్తాను, సాబ్."

పదకొండూ ఐదుకి బయల్దేరాం. వెనక సీట్లో ఏడుకొండలు, ఆయన తల వెంకాయమ్మ ఒళ్లో. కాళ్ల దగ్గర నర్సింగ్ అసిస్టెంట్. ముందు నా పక్కన ఆపరేటర్, కాళ్ల మధ్య సెట్టు. కారు కదులుతుంటే ఏడుకొండలు పళ్ల మధ్య నుంచి ఏదో అన్నాడు. వెంకాయమ్మ వంగి విని, "నువ్వున్నావు, భయం లేదంటున్నాడు అల్లుడూ" అంది.

రోడ్డు గతుకులు. రెండువైపులా రొయ్యల చెరువులు. చెట్టు లేదు, ఇల్లు లేదు. బస్సు పొద్దున వెళ్లిపోయింది, మళ్లీ నాలుగింటికే. నేను అరవైకి తగ్గలేదు. దీపం వెలిగింది. ఈసారి మినుకుమనలేదు, వెలిగే ఉంది. చూశాను. ఆగితే ఏం చెయ్యాలి? పోయడానికి నూనె లేదు. అవనిగడ్డ దాకా లాగుతుందిలే అనుకుని తొక్కాను. ఇంజను అడుగున సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. అది ఏ చప్పుడో నాకు తెలుసు. ఇనుముకి ఇనుము తగులుతోంది. పదకొండూ ఇరవై మూడుకి ఇంజను పట్టేసింది. వెనక చక్రాలు కీచుమని ఈడ్చుకుపోయి కారు ఆగింది. అవనిగడ్డ దారిలో కోడూరే ఇంకా ఆరు కిలోమీటర్లు.

సెల్ఫ్ కొట్టాను. టక్కుమంది, అంతే. దిగి బానెట్ ఎత్తాను. పుల్ల తీశాను. చివర తడి మాత్రం ఉంది, కాలిన వాసన వేసింది. పుల్ల మళ్లీ లోపల పెట్టేశాను.

ఆపరేటర్ సెట్టు అందుకున్నాడు.

"ఆల్ఫా, ఆల్ఫా, బ్రావో మొబైల్. బండి ఆగిపోయింది. పేషెంట్ ఉన్నాడు. ట్రక్కు పంపండి. ఓవర్."

"బ్రావో, ఆల్ఫా. ట్రక్కుకి రెండు గంటలు పడుతుంది. బండికి ఏమైంది? ఓవర్."

ఆపరేటర్ నా మొహం చూశాడు. "వేడెక్కిందా?"

నేను తల ఊపాను.

"బండి వేడెక్కింది. ఓవర్."

సుబేదార్ సాబ్ క్యాంపు సెట్టులో అంతా వింటున్నాడు. మధ్యలోకి వచ్చాడు. "హంసలదీవిలో ట్రాక్టరు ఉంది. మనిషిని పంపుతున్నాను. చల్లార్చి బయల్దేరడానికి చూడండి. ఔట్."

నర్సింగ్ అసిస్టెంట్ వెంకాయమ్మని కిందికి దిగమని, ఏడుకొండలుని సీటు మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. పన్నెండు కావస్తుండగా ఆయన ఛాతీ కదలడం ఆగింది. గుండె కొట్టుకుంటూనే ఉంది. నర్సింగ్ అసిస్టెంట్ ఆయన నోట్లో నోరు పెట్టి ఊదడం మొదలుపెట్టాడు. నిమిషానికి పన్నెండు. లోపల కారు పొయ్యిలా ఉంది. ఆపరేటర్ తలుపులన్నీ తెరిచి దుప్పటి అడ్డం పట్టాడు. ఐదు నిమిషాలకోసారి నేనూ ఊదాను. ఆ పెదాలు బీడీ వాసన వేశాయి. ఆయన కళ్లు సగం తెరిచే ఉన్నాయి. ఒంట్లో ఏ కండరమూ కదలదుగానీ తెలివి ఉంటుందని నర్సింగ్ అసిస్టెంట్ తర్వాతెప్పుడో చెప్పాడు. ఎందుకు చెప్పాడా అని ఇప్పటికీ అనుకుంటాను.

పన్నెండూ ఇరవైకి ట్రాక్టరు వచ్చింది. తొట్టిలోకి ఎక్కించాం. ఊదుతూనే ఉన్నాం. ట్రాక్టరు పదిహేనుకి మించి వెళ్లదు, గతుకుల్లో నోరు నోటికి కుదరదు. పన్నెండూ నలభై ఒకటికి, కోడూరు ఇళ్లు కనబడుతుండగా, నర్సింగ్ అసిస్టెంట్ మెడ దగ్గర వేళ్లు పెట్టి చాలాసేపు ఉంచాడు. తర్వాత గడియారం చూశాడు. నాకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు వెంకాయమ్మ అర్థం చేసుకుని అరిచిన అరుపు నేను రాయలేను.

ఆ సాయంత్రం సుబేదార్ సాబ్ లాగ్ బుక్కులో రాశాడు. "అద్దె వాహనం అధిక ఉష్ణోగ్రత వల్ల చెడిపోయినది. పౌరుడు ఒకరు మరణించారు." నాకు చూపించి, "సరిగ్గా ఉందా?" అన్నాడు. సరిగ్గా ఉంది సాబ్ అన్నాను. ఇంకొక మాట చెప్పడానికి ఆ క్షణం చాలు. చెప్పలేదు. భయం వేసింది. శిక్ష గురించి కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి, కానీ శిక్ష గురించి కూడా.

మూడో రోజు రాఘవయ్య లారీ మాట్లాడుకుని వచ్చాడు, కారుని లాక్కెళ్లడానికి. ముందు బానెట్ ఎత్తాడు. పుల్ల తీసి, చివర తడిని రెండు వేళ్ల మధ్య రాశాడు. విడదీశాడు. ఏమీ సాగలేదు. వేళ్లని లుంగీకి తుడుచుకున్నాడు.

"ఇది నేను పోసింది కాదు బావా."

పుల్ల ఆయన చేతిలోంచి తీసుకుని లోపల పెట్టేశాను.

"ఆ మనిషి పోయింది ఈ బండిలోనేనా?"

"ఆఁ."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. లారీ ఎక్కేముందు వెనక్కి తిరిగి, "ఎవరికీ చెప్పన్లే" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా నన్ను గారూ అనే పిలిచాడు. బావా అని మళ్లీ అనలేదు.

జూన్ చివర క్యాంపు ఎత్తేశాం. కాలవలు అప్పటికే వదిలారు. దారి పొడుగునా ఎర్రనీళ్లు పారుతున్నాయి. బందరు స్టేషన్‌లో రైలెక్కాం. వెంకాయమ్మ ముందురోజు సాయంత్రం టెంటు దగ్గరికొచ్చి ఎండుచేపల మూట ఇచ్చింది. "మీరు శాయశక్తులా చూశారు. ఆయన రాత అంతే" అంది. ఆ మూట వంటవాడికిచ్చాను. తినలేకపోయాను.

ఇంకో తొమ్మిదేళ్లు సర్వీసు చేసి బయటికొచ్చాను. ఇప్పుడు గుడివాడ దగ్గర చిన్న షెడ్డు ఉంది నాకు. పాత కార్లు తెస్తారు. కాలవలు కట్టేసిన వారంలో నేనే ఫోన్లు చేసి పిలుస్తాను, వచ్చి నలభై పోయించుకోండి అని. ఈయనకి చాదస్తం అని నవ్వుతారు. నవ్వనీ. బడిలో పిల్లలు ఆగస్టు పదిహేనుకి పిలిచి, మీరు యుద్ధంలో ఎంతమందిని చంపారండీ అని అడుగుతారు. ఎవర్నీ చంపలేదమ్మా అంటాను. యుద్ధంలో అనే వాళ్లు అడిగారు కాబట్టి అది అబద్ధం కాదు.

లాగ్ బుక్కులో లేనిది ఒకటుంది. పన్నెండు దాటాక, ట్రాక్టరు రాకముందు, కోడూరు వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్లు మంచినీళ్ల బిందెలతో నడిచి వచ్చారు. కాలవలు కట్టేశాక అక్కడ తాగే నీళ్లకి అంత దూరం వెళ్లాలి. ఆపరేటర్ 'గరం' అన్నప్పుడు నేను తల ఊపడం చూసి, బండి వేడెక్కిందని వెంకాయమ్మ అప్పటికే అనుకుంది. వాళ్ల దగ్గరికి పరిగెత్తి, చేతులు పట్టుకుని, రెండు బిందెలూ అడిగి తెచ్చింది. నేను గుడ్డతో రేడియేటర్ మూత తీశాను. ఆవిరి వచ్చింది. ఆవిరి తగ్గాక చూస్తే నీళ్లు అంచుదాకా ఉన్నాయి. దానికి నీళ్లతో పనే లేదు. నాకు తెలుసు. ఆవిడ బిందె ఎత్తి పోసింది. నీళ్లు పొర్లి, బంపర్ మీదుగా జారి, రోడ్డు మీద పడి, మట్టిలో ఇంకిపోయాయి. వెనక సీట్లో నర్సింగ్ అసిస్టెంట్ ఊదుతున్న చప్పుడు వినబడుతోంది.

"చాలా అల్లుడూ, ఇంకా పొయ్యనా?"

"పొయ్యి అత్తా" అన్నాను.

ఆవిడ రెండో బిందె ఎత్తింది.